ప్లస్ మేజ్‌లో ఆల్కహాల్ ఎలుకలకీ కంట్రోల్‌కీ తేడా రావట్లేదు, డోసు పెంచాలా?

ఫార్మసీపిల్ల:
పొద్దున్నుంచీ వీడియోలు స్కోరు చేస్తూ కూర్చున్నా, తల పగిలిపోతోంది. చిన్నతనంలో ఆల్కహాల్ పడిన ఎలుకలు తర్వాత బెదురుగా ఉంటాయని ఏ పేపర్ తీసినా ఉంది. నేనూ అలాగే విస్టార్ ఎలుకలకి కిలోకి 2 గ్రాముల చొప్పున, రెండు రోజులు ఇంజెక్షన్, రెండు రోజులు గ్యాప్, పద్ధతి ప్రకారమే ఇచ్చాను. తీరా చూస్తే ఆల్కహాల్ పడినవీ, పోలికకి ఉంచిన కంట్రోల్‌వీ, రెండు గ్రూపులూ ఓపెన్ ఆర్మ్స్‌లో (ఎత్తులో పెట్టిన ప్లస్ ఆకారపు మేజ్‌లో గోడల్లేని దారులు, బెదురున్న ఎలుక వీటిలోకి తక్కువగా వస్తుంది) ఒకేలా తిరుగుతున్నాయి. ఒకటైతే అంచు దాకా వెళ్లి, కిందికి తొంగిచూసి, అక్కడే కూర్చుని తాపీగా మూతి తుడుచుకుంటోంది! సోమవారం గ్రాఫ్ చూపించాలి. డోసు పెంచనా?

పాతకాపు:
వయసెంత? ఆడా మగా? ఆఖరి డోసుకీ టెస్టుకీ మధ్య ఎన్ని రోజులు?

లెక్కలమాస్టారు:
అంతకన్నా ముందు, పిల్లలు ఎన్ని ఈతలవి? ఒకే తల్లి పిల్లల్ని పదింటిని ఒకే గ్రూపులో వేసేసి ఎన్ విలువ (లెక్కలోకి తీసుకునే ఎలుకల సంఖ్య) పది అని రాస్తారు మనవాళ్లు. ఆ తల్లి స్వభావమే భయస్థురాలనుకోండి, మీరు కొలిచేది ఆల్కహాల్‌నా, తల్లినా? ప్రతి ఈతనీ రెండు గ్రూపుల్లోకీ పంచాలి. ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినరు.

గోదారోడు:
అసలు దీన్ని ఎర్లీ ఎక్స్‌పోజర్, అంటే చిన్నతనంలో ఆల్కహాల్ పడడం, అనొచ్చా? తల్లి కడుపులో ఉన్నప్పుడో, పుట్టిన 4 నుంచి 9 రోజుల మధ్యో ఇస్తే అనండి, అప్పుడు ఎలుకపిల్ల మెదడు మనుషుల్లో ఆఖరి మూడు నెలల గర్భస్థ శిశువు దశలో ఉంటుంది. పాలు మాన్పించాక ఇచ్చేది కౌమారం కిందికి వస్తుంది.

పాతకాపు:
కౌమారం ఎర్లీ కాదని ఎవరన్నారు? 28 నుంచి 42 రోజులనేవాళ్లున్నారు, 55 దాకా లాగేవాళ్లున్నారు. ఆవిడ ఇంకా వయసే చెప్పలేదు, మనకెందుకు గొడవ.

ఫార్మసీపిల్ల:
అన్నీ మగవే అండి. పుట్టిన 28వ రోజు మొదలుపెట్టి 41తో ఆపాను, మర్నాడే టెస్టు. కంట్రోల్‌కి సెలైన్.

పాతకాపు:
మర్నాడా! పెద్ద ఎలుకల్లో తాగిన మర్నాడు హ్యాంగోవర్ బెదురు బాగా తెలుస్తుంది, కుర్రవాటిలో అది తక్కువ. మత్తుగా పడిపోవడం, కాళ్లు తడబడడం కూడా వీటికి తక్కువే. మీ ఫలితం తప్పేమీ కాదు, మీరు చదివిన పేపర్లలో టెస్టు చేసింది 90 రోజుల వయసు దాటాక. ఆల్కహాల్ ఎప్పుడో ఒంట్లోంచి పోయి, అమిగ్డలాలో (మెదడులో భయాన్ని చూసుకునే భాగం) జన్యువుల ఆన్-ఆఫ్ మార్పులు మాత్రం మిగిలిపోయాయా అన్నది వాళ్ల ప్రశ్న. డోసు జోలికి పోకండి. ఇప్పటికే మేజ్ ఎక్కినవాటిని మళ్లీ ఎక్కించకండి, రెండోసారికి వాటి ప్రవర్తనే మారిపోతుంది. వాటికి పెద్దయ్యాక లైట్-డార్క్ బాక్స్ (సగం వెలుగు, సగం చీకటి ఉండే పెట్టె, బెదురున్నవి చీకట్లోనే ఉండిపోతాయి) పెట్టండి.

గోదారోడు:
ఒంటరి కేజీల్లో ఉంచారా? ఆ వయసులో ఒంటరితనం ఒక్కటి చాలు, బెదురు పెరగడానికి. కంట్రోల్ కూడా బెదిరిపోతే ఇక తేడా ఎక్కడిది? నీళ్ల మేజ్ (తొట్టి నీళ్లలో దాచిన ప్లాట్‌ఫారం వెతుక్కునే టెస్టు) కూడా పెట్టి చూడండి, ఆల్కహాల్ పడినవి ప్లాట్‌ఫారం మొదటి చోటు మామూలుగానే నేర్చుకుంటాయి, చోటు మార్చాకే పాత చోటు వదల్లేక తిప్పలు పడతాయి.

ఫార్మసీపిల్ల:
కేజీకి మూడు. మేజ్ ఎక్కనివి ఇంకా ఎనిమిది ఉన్నాయి, కానీ ఎథిక్స్ కమిటీ అనుమతి 60 రోజుల వయసు దాకానే.

పాతకాపు:
సవరణకి దరఖాస్తు పెట్టండి. అది చేతికొచ్చేదాకా ఒక్కరోజు కూడా దాటించకండి.

ఫార్మసీపిల్ల:
సరే, థాంక్స్ అండి. గైడ్‌గారిని ఎలా ఒప్పించాలో చూస్తా.