మొనోకిల్ చూపు కోసమా, షోకు కోసమా?

మబ్బుతునక: ఒకే ఒక్క అద్దాన్ని కంటి గుంటలో ఇరికించి, దాని తాడు కోటు మీద వేలాడేసుకునే మొనోకిల్ కళ్ళజోడు జాతిదే కాదని నా వాదన. బ్రిటన్ మంత్రి జోసెఫ్ చాంబర్లేన్ పెట్టాడు, కొడుకు ఆస్టెన్ పెట్టాడు, లండన్లో బారిస్టరు చదివొచ్చిన జిన్నా పెట్టాడు. అందరికీ ఒక్క కన్నే పాడైందా? షోకు తప్ప ఇంకేం లేదు.

పాతబజారు: పాడవడం కాదండీ, చత్వారం. 40 దాటాక దూరం బాగానే కనిపిస్తూ దగ్గర అక్షరాలు మసకేసే మనిషికి రోజంతా జోడు ఎందుకు, ఉత్తరం చదివేంతసేపు ఒక అద్దం ఉంటే సరి. ఒక కన్ను స్పష్టంగా చదువుతుంటే రెండో కంటి మసకని మెదడు పెద్దగా పట్టించుకోదు. ఇప్పుడు కాంటాక్ట్ లెన్సుల్లో ఒక కంటికి దూరం, ఇంకో కంటికి దగ్గర పవర్ ఇచ్చే మోనోవిజన్ పద్ధతి నడిచేది కూడా ఈ లెక్క మీదే. ఇక ఖగోళం గురించి టీవీలో చెప్పిన పాట్రిక్ మూర్ అయితే, కుడి కన్ను ఎడమదానికంటే వీక్ అని డాక్టరు చెబితే 16 ఏళ్ళప్పుడే మొదలుపెట్టాడు.

గోలీసోడా: మరి వాచీ రిపేరు వాళ్ళు కంట్లో బిగించేది?

పాతబజారు: అది భూతద్దం. వస్తువుని కంటి దగ్గరకి తెచ్చుకుని చూడాలి. మంచి మొనోకిల్ మనిషి కంటి గుంట కొలతకి చేయించుకునేది, రెప్ప వెంట్రుకలు అద్దానికి తగలకుండా కొన్నిటికి అంచున చిన్న గట్టు కూడా ఉంటుంది. ముఖం వంకర పెట్టి పట్టుకోవాల్సి వస్తోందంటే కొలత కుదరలేదన్నమాట.

మబ్బుతునక: చదవడానికైతే చేత్తో పట్టుకునే అద్దం చాలదా అండీ? జర్మన్ సైన్యాధిపతి సేక్ట్ ఫొటోలు చూడండి, ఏమీ చదవకుండా ఊరికే నిలబడి ఉన్నా కంట్లో అద్దం ఉంటుంది. 1930ల పారిస్‌లో ఆడవాళ్ళని ప్రేమించే ఆడవాళ్ళు కలుసుకునే క్లబ్బుకి ‘ల మొనోకిల్’ అనే పేరు పెట్టారు, అక్కడ అది పెట్టుకోవడం ఒక గుర్తు, చత్వారంతో పనేముంది? పైగా మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇంగ్లాండులో జర్మన్ ఆఫీసర్ల వస్తువని దాని మీద మోజు తగ్గింది. నిజంగా అవసరమైనదాన్ని శత్రువు వాడాడని ఎవరైనా మానేస్తారా?

పాతబజారు: ముక్కుకి క్లిప్పులా పట్టించుకునే జోడు కూడా పోయింది కదా! అది అమెరికాలో ఇద్దరు రూజ్‌వెల్టులూ పెట్టుకున్నదే, ఏ శత్రువు ముద్రా లేదు. చెవులకి తగిలించే చవక ప్లాస్టిక్ ఫ్రేములు వచ్చాక జారిపడేవాటితో ఎవడు పాట్లు పడతాడు?

మబ్బుతునక: అంతకు ముందు మాత్రం చెవులు లేవా మనుషులకి?