అన్‌సినేట్ గడ్డ: రెండుసార్లు ఈయూఎస్ (ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్) బయాప్సీ చేసినా తేలలేదు, మూడోసారి ఏ సూది?

పాంక్రియాస్ (క్లోమం) తల కింద కొక్కెంలా వంగే అన్‌సినేట్ ప్రాసెస్‌లో 28 మి.మీ. గడ్డ, క్యాన్సర్ అనుమానం. పేగులకు రక్తం తెచ్చే ఎస్‌ఎంఏ ధమనిని 180 డిగ్రీలకు మించి చుట్టేసింది, కాబట్టి నేరుగా ఆపరేషన్ కుదరదు, ముందు కీమోనే. కణజాల రుజువు లేకుండా అది మొదలుపెట్టలేం.

మొదటిసారి 22 గేజ్ ఎఫ్‌ఎన్‌ఏ (కణాలను పీల్చే) సూది, 10 మి.లీ. సక్షన్, 4 పాస్‌లు (గుచ్చడాలు). స్లైడ్ల నిండా రక్తమే. రెండు వారాలకు 22 గేజ్ ఫ్రాన్సీన్ (మూడు మొనల) ఎఫ్‌ఎన్‌బీ (కణజాలం ముక్క తీసే) సూదితో స్లో పుల్ (సూది లోపలి తీగ స్టైలెట్‌ను మెల్లగా వెనక్కి లాగడం), 3 పాస్‌లు. ఫార్మలిన్‌లో ఎర్రటి రక్తపు గడ్డల మధ్య తెల్లటి దారంలా కోర్ కనిపించింది, చాలనుకున్నాం. రిపోర్టులో మాత్రం ఫైబ్రోసిస్ (పీచు కణజాలం), కొద్దిగా ఎటిపికల్ (తేడాగా ఉన్న) కణాలు. ఈ జబ్బులో ఇది నెగెటివ్ కిందకు రాదు. కణితి చుట్టూ పీచు అంత దట్టంగా ఉంటుంది, కణాలు పలచగా దొరుకుతాయి.

అసలు చిక్కు డ్యుయోడినం (చిన్నపేగు మొదలు) రెండో భాగంలో, అక్కడి నుంచే గుచ్చాలి. స్కోప్ వంపు తిరిగాక 22 గేజ్ సూది బిగుసుకుపోతోంది, స్టైలెట్ కదలదు, ఫ్యానింగ్ (గడ్డలో సూదిని వేర్వేరు కోణాల్లో తిప్పడం) కుదరదు. స్కోప్ నిటారుగా ఉన్నప్పుడే సూది ఎక్కించి చూశాం, ఎలివేటర్ (స్కోప్ చివర సూదిని పైకెత్తే మీట) వదులు చేశాం. ఫలితం కొంచెమే. పక్కనే స్లైడ్ చూసి చెప్పే సైటాలజిస్టు మా దగ్గర లేరు.

ఇలాంటి చోట పదేపదే గుచ్చినవాళ్లు చెప్పండి: మూడోసారి ఇంకా సన్నటి 25 గేజ్ ఎఫ్‌ఎన్‌బీకి మారాలా, లేక 22 గేజ్‌తోనే వెట్ సక్షన్ (సూదిని సెలైన్‌తో నింపి పీల్చడం) చేయాలా?