ఇంట్లో చేయించిన స్పీకర్లలో గాత్రం వెనక్కి పోతోంది, మృదంగం గుమ్మంటోంది

కోనసీమ శ్రోత (అమలాపురం):
మిత్రులకు నమస్కారం. కింది స్వరాలకు ఆరున్నర అంగుళాల వూఫరు, పై స్వరాలకు ఒక అంగుళం సిల్క్ డోమ్ ట్వీటరు పెట్టి, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో 12 లీటర్ల మూసిన పెట్టెలు రెండు చేయించాను. ధ్వనిని ఆ రెండింటికీ పంచే క్రాసోవర్ బోర్డు, బజారులో తయారుగా దొరికినదే బిగించాను. మా కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గారి పాత కచేరీ పెడితే గాత్రం తలుపు అవతలి నుంచి వస్తున్నట్టుంది, తంబురా ఉందో లేదో తెలియడం లేదు, మృదంగం ఎడమ మూత మీద దెబ్బ పడినప్పుడల్లా మాత్రం గదంతా గుమ్మంటోంది. పెట్టె కొలత తప్పిందా? వూఫరుతో వచ్చిన కాగితంలో క్యూటీఎస్ (కంపం ఎంతగా అణుగుతుందో చెప్పే అంకె) 0.38, వ్యాస్ (వూఫరు బిగువుకు సమానమైన గాలి) 28 లీటర్లు, ఎఫ్ఎస్ (వూఫరు సహజంగా కంపించే పౌనఃపున్యం) 42 హెర్ట్జ్ అని ఉంది. గది 12 అడుగులకు 8 అడుగులు. స్పీకర్లు పొడుగు గోడకు, నా కుర్చీ ఎదుటి గోడకు ఆనించి ఉన్నాయి.

గోదావరి గట్టు (రాజమహేంద్రవరం):
పెట్టెను అనుమానించకండి. నెవిల్ థీల్ 1961లో మొదలుపెట్టి, రిచర్డ్ స్మాల్ 1970లలో విస్తరించిన లెక్క ప్రకారం 28ని 12తో భాగించి, ఒకటి కలిపి, దాని వర్గమూలాన్ని 0.38తో గుణిస్తే పెట్టెలో బిగించాక ఉండే క్యూ విలువ 0.69 వస్తుంది. మూసిన పెట్టెలో ఎక్కడా ఉబ్బు లేకుండా ధ్వని సమంగా దిగే విలువ 0.707 కనుక మీ వడ్రంగి పని దాదాపు సరిగ్గానే ఉంది. అదే వర్గమూలంతో 42ను గుణిస్తే పెట్టెలో వూఫరు కంపించే పౌనఃపున్యం 77 హెర్ట్జ్ వస్తుంది. అంతకంటే కిందికి పోయినకొద్దీ ఒక్కో స్థాయికి (ఆక్టేవ్‌కు) 12 డెసిబెళ్ల చొప్పున ధ్వని తగ్గిపోవాలి. కాబట్టి ఆ గుమ్మనే శబ్దం పెట్టెది కాదు, గదిది అని నా అనుమానం.

తణుకు టంకం:
గాత్రం సంగతి నేను చెబుతానండి. ఒక పెట్టెలో ట్వీటరు తీగలు రెండూ అటూ ఇటూ మార్చి వినండి. ఆ బోర్డు మీద వూఫరుకు ఒక కాయిల్, ఒక కెపాసిటర్, ట్వీటరుకు కూడా అంతే ఉంటే అది స్థాయికి 12 డెసిబెళ్ల ఫిల్టరు. అందులో రెండు డ్రైవర్ల (వూఫరు, ట్వీటరు) మధ్య దశ, అంటే అలల ఎత్తుపల్లాల వరస, 180 డిగ్రీలు తేడా వస్తుంది కనుక ట్వీటరును తలకిందులుగా కలపాలి. లేకపోతే రెండూ కలిసే చోట ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. తంబురా జీవం, గాత్రంలోని స్పష్టత సరిగ్గా ఆ ప్రాంతంలోనే ఉంటాయి.

గోదావరి గట్టు:
దానికి ఇంకొక మాట కలపాలి. బోర్డు మీద అచ్చువేసిన 3,000 హెర్ట్జ్ అనే అంకె, డ్రైవరు ఎల్లవేళలా 8 ఓములే ఉంటుందనుకుని వేసినది. వూఫరు కాయిల్‌కు ఇండక్టెన్సు (మారే కరెంటును అడ్డే గుణం) ఉన్నందువల్ల పై స్వరాలకు పోయినకొద్దీ ఇంపెడెన్సు (కరెంటుకు మొత్తం అడ్డు) పెరుగుతుంది, అందువల్ల ఫిల్టరు అనుకున్న చోట కోయదు. వూఫరుకు సమాంతరంగా ఒక రెసిస్టరు, దానితో వరసలో ఒక కెపాసిటరు పెడితే (జోబెల్ అంటారు) ఆ పెరుగుదల చదునవుతుంది. పైగా ట్వీటరు డోము ముందుకు, వూఫరు కోను గొయ్యి లోపలికి ఉంటాయి. 3 సెంటీమీటర్ల ఎడమే ఉన్నా 2,500 హెర్ట్జ్ దగ్గర దాదాపు 78 డిగ్రీల దశాభేదం అవుతుంది. కాగితం మీది లెక్క చాలదు, కొలవక తప్పదు.

కొలతకు ఆర్ఈడబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేరు, ఒక కొలత మైకు చాలు. గాలి లేని రాత్రి డాబా మీద స్పీకరును, మైకును నేల నుంచి 1.2 మీటర్ల ఎత్తున, మీటరు ఎడంలో పెట్టండి. నేల మీద నుంచి తిరిగివచ్చే ధ్వని దాదాపు 4.6 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది కనుక అంతకుముందు ఉన్నదాన్నే తీసుకుంటే సుమారు 215 హెర్ట్జ్ పైన నమ్మదగిన గీత వస్తుంది. కిందిభాగానికి 1974లో కీల్ చూపిన పద్ధతిలో మైకును కోనుకు దాదాపు తగిలేంత దగ్గరగా పెట్టి కొలవాలి. ఎదురుగానే కాక 15, 30, 45 డిగ్రీల పక్కలకు కూడా కొలవండి. గదిలో మనకు వినిపించేదానిలో గోడల మీంచి వచ్చినదే చాలా ఉంటుంది.

ఉప్పుగాలి (నరసాపురం):
చర్చ క్రాసోవర్ మీదికి పోయింది గాని, మీరు ప్లైవుడ్ వాడినందుకు సంతోషం. నేను మొదట ఎండీఎఫ్‌తో (చెక్కపీచు అదిమి చేసిన పలకతో) చేశాను. రెండో వానాకాలానికి అడుగు అంచు ఉబ్బి, అతుకు విడిపోయి, బాసు పలికినప్పుడల్లా ఆ సందులోంచి బుస్సుమని గాలి వచ్చేది. మూసిన పెట్టె కాస్తా కారుతున్న పెట్టె అయింది. వూఫరు అంచు ఫోముది కాకుండా రబ్బరుది అయితే మంచిది, మన ఉక్కపోతకు ఫోము పొడిపొడిగా రాలిపోతుంది. లోపల నింపడానికి కొబ్బరి పీచు వేద్దామనుకుంటే దుమ్ము బాగా దులిపి పలుచని గుడ్డలో కుట్టి పెట్టండి, లేదంటే నలక కాయిల్ సందులోకి పోతుంది. (ఎలుకల సంగతి వేరే చెప్పనక్కర్లేదు.)

కోనసీమ శ్రోత:
అందరికీ కృతజ్ఞతలు. కొలిచి వచ్చాను. తీగలు మార్చకముందు 2,600 హెర్ట్జ్ దగ్గర లోతైన గొయ్యి ఉంది, మార్చాక అది పూడిపోయింది. తంబురా ఒక్కసారిగా ముందుకు వచ్చి కూర్చుంది. కానీ 500 హెర్ట్జ్ కింద మొత్తం పలుచబడింది, మృదంగం గుమ్ము మాత్రం అలాగే ఉంది. ఎదుటి గోడకు కొబ్బరిపీచు పరుపు నిలబెట్టి చూసినా తేడా లేదు.

తణుకు టంకం:
మీ బాఫిల్ (డ్రైవర్లు బిగించిన ముందు పలక) వెడల్పు 23 సెంటీమీటర్లు ఉండాలి, అవునా? 115ను 0.23తో భాగిస్తే 500. ఆ కింద ధ్వని పెట్టె చుట్టూ తిరిగి వెనక్కి పోతుంది, బయలులో అయితే 6 డెసిబెళ్ల దాకా తగ్గుతుంది. గోడ దగ్గర పెడతారు కనుక క్రాసోవర్‌లో 3 డెసిబెళ్ల దిద్దుబాటు చాలు. పరుపు విషయానికి వస్తే, 8 అడుగుల వెడల్పుకు గది మోగేది 70 హెర్ట్జ్ దగ్గర. దాన్ని పీల్చాలంటే పీచు నాలుగడుగుల మందం ఉండాలి. అందుకు బదులు స్పీకర్లను పొట్టి గోడకు మార్చి, నడిమధ్య గీతకు ఇరువైపులా సమదూరంలో పెట్టి, కుర్చీని ఆ గీత మీద వేయండి. పాత కచేరీలు మోనో రికార్డులు, రెండు స్పీకర్లలోనూ ఒకటే వస్తుంది కనుక ఆ 70 హెర్ట్జ్ మోత పుట్టకుండానే రద్దయిపోతుంది.

కోనసీమ శ్రోత:
వెడల్పు అంతేనండి. మార్చాను. ఇప్పుడు ఎడమ మూత దెబ్బకు మొదలు, చివర రెండూ వినిపిస్తున్నాయి. పొడుగు వైపు 47 హెర్ట్జ్ దగ్గర కొంచెం మోత మిగిలింది గాని, అక్కడ పెట్టె ధ్వనే తగ్గిపోయినందువల్ల ఇబ్బందిగా లేదు. మూడు డెసిబెళ్ల దిద్దుబాటుకు కాయిల్ నేనే చుట్టుకోవాలని ఉంది. ఎన్ని గేజీల రాగి తీగ తీసుకోవాలో తణుకు వారు చెబితే ఆదివారం కూర్చుంటాను.