రసాయన సమీకరణం తుల్యం చేయమంటే పాప కింది అంకె మార్చేస్తోంది, ఎలా నేర్పాలి?

కడప అమ్మ: మా పాప పదో తరగతి. నిన్న హెచ్₂ + ఓ₂ → హెచ్₂ఓ తుల్యం చేయమంటే, కుడివైపు హెచ్₂ఓ₂ అని రాసి "రెండు పక్కలా సరిపోయింది కదమ్మా" అంది. లెక్క చూస్తే నిజంగానే సరిపోయింది! ట్యూషన్‌లో తప్పని కొట్టేశారు, ఎందుకో చెప్పలేదు. పాపకు ఆ పాఠమంటేనే టెన్షన్ పట్టుకుంది. మీ ఇళ్లలో ఎలా నేర్పారు?

కర్నూలు టీచర్: అమ్మా, పాప రాసింది హైడ్రోజన్ పెరాక్సైడ్. గాయం మీద పోస్తే నురగ వస్తుందే, ఆ మందులో ఉండేది. నీళ్లు అడిగితే వేరే పదార్థం తెచ్చిచ్చింది. కింది అంకె ముట్టుకుంటే పదార్థమే మారిపోతుందని ముందు చెప్పండి.

అనంతపురం అన్న: అక్కా, మా తమ్ముడికి నేను చెనిక్కాయలతో చెప్పాను. రెండు గింజల కాయలే ఏరాను. వేయించినవి హైడ్రోజన్, పచ్చివి ఆక్సిజన్. రెండు వేయించిన గింజలు, ఒక పచ్చి గింజ కలిపితే ఒక నీటి కుప్ప. చెరొక కాయ ఒలిచి ఒక కుప్ప పెట్టాడు, ఒక పచ్చి గింజ మిగిలింది. దాన్నీ ఆ కుప్పలోకే తోయబోతే చెయ్యి పట్టుకుని, "అప్పుడది నీళ్లు కాదురా" అన్నాను. కాసేపు చూసి, తనే ఇంకో వేయించిన కాయ తెచ్చి ఒలిచాడు. రెండు కుప్పలు. "కాయలు ఎన్ని తెచ్చావో అది ముందు అంకె, కాయలో గింజలెన్నో అది కింది అంకె" అన్నాను. కాయలోకి కొత్తగా గింజ దూర్చలేం కదా. ఆ తర్వాత వాడు మళ్లీ ఆ తప్పు చేయలేదు.

ఎర్రగుంట్ల: మా పక్క సిమెంటు ఫ్యాక్టరీల్లో సున్నపురాయిని కాలుస్తారు. సీఏసీఓ₃ → సీఏఓ + సీఓ₂. ఏ అంకె పెట్టక్కర్లేదు, ముందే తుల్యం. 100 కిలోల స్వచ్ఛమైన రాయికి 56 కిలోల సున్నం, మిగతా 44 కిలోలు గాలిలో కలిసే వాయువు. రెండూ కూడమంటే మా వాడి కళ్లు మెరిశాయి.

పదో తరగతి, ఆదోని: సార్, బ్యూటేన్ (సీ₄హెచ్₁₀) ఆక్సిజన్‌తో మండే సమీకరణంలో నాకు ఆక్సిజన్ బేసి సంఖ్య వస్తోంది. అక్కడే ఆగిపోతున్నా.

కర్నూలు టీచర్: బాబూ, ముందు కార్బన్, తర్వాత హైడ్రోజన్ సరిచెయ్యి. ఆక్సిజన్ చివర్లో. 4 సీఓ₂, 5 హెచ్₂ఓ వచ్చాయంటే ఆక్సిజన్ పరమాణువులు 13, అంటే ఆరున్నర అణువులు. భయపడకుండా ఆరున్నరే రాసి, చివర్లో అన్నిటినీ రెండుతో గుణించు. 2 బ్యూటేన్, 13 ఓ₂, 8 సీఓ₂, 10 హెచ్₂ఓ. సోడియం సల్ఫేట్, బేరియం క్లోరైడ్ లెక్కలో మాత్రం సల్ఫేట్‌ను (ఎస్ఓ₄) విడగొట్టకు, ఒకే ముద్దగా లెక్కపెట్టు. అందులో తెల్లగా అడుగుకు దిగే బేరియం సల్ఫేటే మన మంగంపేట ముగ్గురాయి.

కడప అమ్మ: అన్నా, రాత్రి చెనిక్కాయలు ముందేసుకుని కూర్చున్నాం. మా పాపకూ పచ్చి గింజ ఒకటి మిగిలింది. నేను నోరు మెదపలేదు. రెండు నిమిషాలు దాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చుని, "అమ్మా, వేయించినవి ఇంకొకటి ఇవ్వు" అంది.