ఫింగర్‌బోర్డు వంపు మీద ముత్యపు చిప్ప పొదగడం గురించి

ప్రశ్న:
సొంతంగా చేసుకుంటున్న అకౌస్టిక్ గిటారుకు ఎబొనీ (నల్లని గట్టి చెక్క) ఫింగర్‌బోర్డు, అంటే తీగలను వేళ్లతో నొక్కే పలక మీద మల్లెతీగ పొదగాలని అనుకుంటున్నాను. బోర్డును ఇప్పటికే 12 అంగుళాల వ్యాసార్థంతో వంపు తిప్పాను. నా దగ్గరున్న ముత్యపు చిప్ప పలకల మందం 1.5 మి.మీ. పెద్ద పువ్వు ఒకటి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరుచుకోవాలి. దాన్ని ఒకే ముక్కగా కోయవచ్చా? చుట్టూ మిగిలే సందును దేనితో నింపాలి?

సమాధానం 1:
ఒకే ముక్కగా వద్దండి. 50 మి.మీ. వెడల్పున్న బోర్డుకు 12 అంగుళాల వంపు ఉంటే, అంచుల కన్నా నడిమి భాగం దాదాపు 1 మి.మీ. ఎత్తుగా ఉంటుంది. చదునైన చిప్పను అడ్డంగా పరిచి వంపుకు తగ్గట్టు అరగదీస్తే, అంచుల దగ్గర మిగిలేది అర మిల్లీమీటరే. తరవాత ఎప్పుడైనా ఫ్రెట్లు (బోర్డుకు అడ్డంగా గాడుల్లో కొట్టే లోహపు కడ్డీలు) మార్చి బోర్డును మళ్లీ సాపు చేయవలసి వస్తే అదీ పోతుంది. 15 మి.మీ. రేకులుగా కోసి, ఒక్కోదాన్ని వంపు వాలులోనే కూర్చోబెడితే అరిగేది 0.1 మి.మీ. లోపే. అంతకన్నా ముఖ్యమైన లాభం మరొకటి ఉంది. చిప్ప మెరుపు వెలుగు పడే దిక్కును బట్టి మారుతుంది కాబట్టి, ఒక్కో రేకును పలక మీద వేరే దిశలో గీసి కోస్తే, గిటారును కదిపినప్పుడల్లా రేకులు విడివిడిగా మెరుస్తాయి. ఒకే ముక్కలో ఆ అందం రానే రాదు.

సమాధానం 2:
సందు సంగతి చెబుతాను. ముక్కను బోర్డు మీద తాత్కాలికంగా అతికించి, చుట్టూ సన్నని సూదిమొనతో గీసి, ఆ గీతల్లో సుద్ద రుద్దితే నల్లని ఎబొనీ మీద హద్దు స్పష్టంగా కనిపిస్తుంది. 0.8 మి.మీ. బిట్టుతో ఆ గీత లోపలి వైపే తొలచండి. మిగిలిన సందులోకి అదే చెక్క పొడి కలిపిన ఎపాక్సీ జిగురు నింపితే, ఎబొనీలో అతుకు దాదాపు కనిపించదు. రోజ్‌వుడ్‌లో అయితే ఆ నింపుడు చెక్క కన్నా ముదురుగా తేలుతుంది కనుక అక్కడ కోత మరింత కచ్చితంగా ఉండాలి. చిప్పను నగల పనివారి సన్న రంపంతో తడిపి కోయండి, మంచి మాస్కు తప్పకుండా పెట్టుకోండి. ఆ పొడి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

ప్రశ్న వేసినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. రేకుల ఈనెలను కూడా వేరే ముక్కలుగా పొదగాలా?

సమాధానం 3:
అవసరం లేదు. టొరంటోకు చెందిన గిటారు తయారీదారు గ్రిట్ లాస్కిన్ పొదిగిన బొమ్మలను చూడండి: ముఖాల్లోని నీడలు, బట్టల ముడతలు చిప్ప మీద చేత్తో చెక్కి నలుపు నింపిన గీతలే. మీ ఈనెలకూ అదే దారి మేలని నా అభిప్రాయం. అయితే వరుస తప్పకూడదు. బోర్డును చివరి ఉప్పుకాగితం దాకా సాపు చేసిన తరవాతే చెక్కాలి, లేకపోతే గీతలు అరిగిపోతాయి. ఫ్రెట్లు కొట్టేది ఆ తరవాతే. ఫ్రెట్ గాడి ఏ రేకు మీదుగా పోతుందో అక్కడ గాడిని సన్న రంపంతో మళ్లీ తెరిచి, చిప్ప ఉన్నంత మేర కొద్దిగా వెడల్పు చేయండి. బిగుతుగా కొడితే చిప్ప పెచ్చు లేస్తుంది.