ఆయిల్ పెయింట్ మూడు వారాలైనా ఆరట్లేదు, ఏం చేయాలి?

మా నాన్నమ్మ బొమ్మ వేస్తున్నా. ముఖం ఎప్పుడో ఆరిపోయింది కానీ వెనకాల ఎర్ర రంగు వేలు పెడితే ఇంకా అంటుకుంటోంది. నిజం చెప్పేస్తా, లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) అయిపోతే ఆ ఎరుపులో వంటింట్లోని పల్లీ నూనె కలిపాను. ఫ్యాన్ కింద పెట్టినా లాభం లేదు, నాన్నమ్మ పుట్టినరోజు దగ్గర పడుతోంది, ఒకటే టెన్షన్.

కుంచెరాజు: పల్లీ నూనెనా బాబూ! ఆయిల్ పెయింట్ నీళ్ల రంగులా ఆవిరై ఆరదు, అవిసె నూనె గాల్లోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా గట్టిపడుతుంది. పల్లీ, కొబ్బరి నూనెలకి ఆ గుణం లేదు, ఏడాదైనా అంతే. ఆ భాగం కత్తితో గీకేసి, టర్పెంటైన్ గుడ్డతో తుడిచి మళ్లీ వెయ్యి. ముఖం జోలికి మాత్రం పోకు.

రంగులపిచ్చి: కుంచెరాజు గారు చెప్పింది కరెక్ట్. పనిలో పనిగా ఇంకోటి, కింది పొరలో నూనె తక్కువ, పైపొరలో ఎక్కువ ఉండాలి, తిరగేస్తే తర్వాత పగుళ్లొస్తాయి. అలిజరిన్ ఎరుపైతే మామూలుగానే ఆలస్యం, అంబర్ మట్టిరంగు అయితే త్వరగా ఆరుతుంది.

కుంచెరాజు: అన్నట్టు అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి మంటలంటుకుంటాయి. నేను తీగ మీద విడివిడిగా ఆరేస్తా.

అడిగినవాడు: గీకేశా. నాన్నమ్మ చూసి "ఇదేంట్రా, గోడకి సున్నం గీకినట్టు" అంది.