భూమి వేడెక్కడం మనిషి పనేనని ఎలా తేల్చారు?

తెనాలి శేషు: పండక్కి మా బావగారింటికి వెళ్ళినప్పుడల్లా ఇదే గొడవ. "1876-78 నాటి ధాత కరువు నాడు కార్లున్నాయా, థర్మల్ ప్లాంట్లున్నాయా? వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంటుంది" అంటారు. సూర్యుడంటారు, అగ్నిపర్వతాలంటారు. ఎండలు మండిపోతున్నాయని నాకూ తెలుసు. అది బొగ్గు, పెట్రోలు వల్లేనని చెప్పే రుజువేంటో తెలిసినవాళ్ళు చెప్పండి.

నల్లరేగడి: మాకు పగటి ఎండ కొత్త కాదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. కొత్తగా వచ్చిన కష్టం రాత్రిళ్ళది. అర్ధరాత్రి దాటినా డాబా మీద గచ్చు కాలుతూనే ఉంటోంది. గేదెలు తెల్లవార్లూ రొప్పుతున్నాయి, పొద్దున పాలు తగ్గుతున్నాయి. మామిడి పూత విడతలు విడతలుగా వస్తోంది, ఏ విడతకి మందు కొట్టాలో తేలడం లేదు. దీని గురించి ఎవరూ మాట్లాడరేం?

ఫిజిక్స్ మాస్టారు: డిగ్రీ పిల్లలకి జీవితమంతా ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, శేషు గారు అడిగింది నా సబ్జెక్టు. పరిశ్రమలు రాకముందు గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 280 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 280 పాళ్ళు. 1958లో హవాయిలోని మౌనా లోవా కొండ మీద కీలింగ్ అనే శాస్త్రవేత్త కొలవడం మొదలుపెట్టేనాటికి 315 దగ్గర. ఇప్పుడు 420 దాటింది. ఆ పెరిగింది ఎక్కడిదో కార్బన్ ఐసోటోపులే, అంటే బరువులో తేడా ఉన్న కార్బన్ రకాలే, చెబుతాయి. బతికున్న చెట్టులో కార్బన్-14 ఉంటుంది. 5,730 ఏళ్ళకోసారి సగమైపోతుంది కాబట్టి కోట్ల ఏళ్ళనాటి బొగ్గులో, చమురులో అది మిగలదు. బొగ్గు కాల్చేకొద్దీ గాలిలో దాని పాలు పలచబడాలి. అలా పలచబడిందని హాన్స్ సూస్ అనే శాస్త్రవేత్త 1950ల్లోనే చెట్ల కాండాల్లోని వలయాల నుంచి చూపించాడు. అగ్నిపర్వతాల కార్బన్‌లోనూ 14 ఉండదని బావగారు అనొచ్చు. అప్పుడు కార్బన్-13 చూపించండి. మొక్కల నుంచి ఏర్పడిన బొగ్గులో అది తక్కువ, అగ్నిపర్వతాల వాయువులో అంత తక్కువ ఉండదు. గాలిలో 13 కూడా తగ్గుతోంది. పైగా అగ్నిపర్వతాలన్నీ కలిసి ఏడాదికి వదిలేది మనుషులు వదిలేదాంట్లో నూటికి ఒక పాలు కూడా లేదు.

కడలి అంచు: ఐసోటోపులు దేనికండీ? ఉప్పాడ రండి, చూపిస్తాం. బీచ్ రోడ్డు ఎన్నిసార్లు వేసినా తుపాను సీజన్‌లో అలలు కోసుకుపోతున్నాయి. వలలు ఆరబెట్టుకున్న ఇసుక ఇప్పుడు నీళ్ళ కింద ఉంది. ఇంతకన్నా రుజువేం కావాలి?

సివిల్ రావు: ఉప్పాడ మనిషి చేసిన నష్టమే, కాకపోతే మీరనే దారిలో కాదు. గోదావరి మీద ఆనకట్టలు, డ్యాములు ఒండ్రుని ఆపేశాయి, డెల్టాకి మట్టి రావడం లేదు. తీరం వెంట కట్టిన కట్టడాలు ఇసుక నడకని మార్చేశాయి. తీరం కోతల మీద పనిచేసినవాణ్ణి, ఊరికే చెప్పడం లేదు.

కడలి అంచు: అంటే సముద్రం పెరగలేదంటారా? ఏసీ గదిలో కూర్చుని మ్యాపు చూసేవాళ్ళకి ఏం తెలుస్తుంది? ఇల్లు పోయినవాడి ముందు నిలబడి ఆ మాట అనండి చూద్దాం.

సివిల్ రావు: ఇళ్ళు పోయినవాళ్ళ మధ్యే టేపు పట్టుకుని తిరిగాను. ప్రపంచం మొత్తం మీద సముద్ర మట్టం 1901 నుంచి 2018 దాకా సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. అది నిజం, ఉప్పాడ కోతని అది ఇంకాస్త పెంచుతుంది. కానీ శేషు గారు ఉప్పాడ పేరెత్తితే ఆయన బావగారు వెంటనే డ్యాముల పేరెత్తి మొత్తం వాదననే కొట్టేస్తారు. ఒట్టి 20 సెంటీమీటర్లకి ఊరు కొట్టుకుపోదు.

కడలి అంచు: "ఒట్టి" అనకండి. ఉప్పెన వచ్చిన రోజు ఆ జానెడు నీరు గడప దాటుతుందో లేదో మాకు తెలుసు. 1977 దివిసీమ చూసిన తరం ఇంకా ఉంది.

గోదావరిఖని: మాస్టారూ, బొగ్గు బొగ్గు అంటున్నారు. మా ఊళ్ళు నడిచేదే దాని మీద. నాన్న గనిలో దిగి మమ్మల్ని చదివించాడు. అమెరికాలో ఒక్కో మనిషి లెక్కన ఏడాదికి 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదులుతున్నారు, మన దేశంలో సుమారు 2 టన్నులు. నూట యాభై ఏళ్ళు కాల్చినోళ్ళని వదిలేసి సింగరేణి మీద పడతారేంది? మేం ఏం తినాలె?

డల్లాస్ మూర్తి: అమెరికా మీద ఏడవడం మానండి. ఇక్కడ 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టుకుపోయింది, కరెంటు లేక జనం చచ్చిపోయారు. అదేం వేడెక్కడం? అంటార్కిటికాలో లోతు నుంచి తవ్వితీసిన పాత మంచు కడ్డీల్లో (ఐస్ కోర్లు) చూస్తే ముందు ఉష్ణోగ్రత పెరిగింది, తర్వాతే కార్బన్ డయాక్సైడ్. థర్మామీటర్లేమో ఎయిర్‌పోర్టుల్లో, సిటీ కాంక్రీటు మధ్య ఉన్నాయి. మాస్టారు ఈ సంగతులు దాటేశారు.

ఫిజిక్స్ మాస్టారు: దాటేయలేదు మూర్తి గారూ. టెక్సాస్ చలి ఒక వారం, ఒక ప్రాంతం. మంచు యుగాల చివర భూకక్ష్య మార్పుల వల్ల వేడి మొదలైంది, వేడెక్కిన సముద్రాలు కార్బన్ డయాక్సైడ్‌ని వదిలాయి, అది వేడిని ఇంకా పెంచింది. ఈసారి ముందు పెరిగింది వాయువే, కాల్చింది మనమే. థర్మామీటర్ల అనుమానం బర్కిలీ ఫిజిసిస్టు రిచర్డ్ ముల్లర్‌కీ ఉండేది. లెక్కలన్నీ మళ్ళీ మొదటినుంచి చేయించాడు. భూమి వేడెక్కింది నిజమే, కారణం దాదాపు పూర్తిగా మనుషులేనని 2012లో తనే రాశాడు.

సూర్యుడి మాటకి నా దగ్గర ఇంకా గట్టి జవాబుంది. 1970ల చివరి నుంచి ఉపగ్రహాలు సూర్యకాంతిని కొలుస్తున్నాయి, అది పెరిగిన దాఖలా లేదు. సూర్యుడే వేడి పెంచితే వాతావరణం కింది నుంచి పై దాకా వేడెక్కాలి. కింద వేడెక్కి, పైన స్ట్రాటోస్ఫియర్ అనే వాతావరణ పొర చల్లబడుతోంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఇలాగే జరగాలని మనాబే, వెదరాల్డ్ అనే శాస్త్రవేత్తలు 1967లోనే లెక్కకట్టారు.

డల్లాస్ మూర్తి: స్ట్రాటోస్ఫియర్ చల్లబడింది ఓజోన్ తగ్గి.

ఫిజిక్స్ మాస్టారు: కింది భాగంలో ఓజోన్ పాత్ర పెద్దదే. పైభాగంలో కార్బన్ డయాక్సైడ్‌ది ఎక్కువ. ఇక నల్లరేగడి గారు చెప్పిన రాత్రిళ్ళ సంగతి ఎవరూ పట్టించుకోలేదు, అది చాలా విలువైన మాట. సూర్యుడే కారణమైతే పగళ్ళు ఎక్కువ వేడెక్కాలి. గత శతాబ్దం మధ్య నుంచి చాలాచోట్ల రాత్రిళ్ళే ఎక్కువ వేడెక్కాయి. నేల వదిలే వేడిని గాలి దుప్పటిలా పట్టి ఉంచుతోంది.

పాత కాగితాలు: ధాత కరువు గురించి ఒక్కరూ చెప్పలేదు. 1876-78 కరువుకి వానలు పోవడం ఒక కారణం, ఆ ఏళ్ళలో బలమైన ఎల్ నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కి మన వానల్ని తగ్గించే మార్పు) వచ్చింది. అది సహజమే. కానీ జనం చచ్చింది ఒక్క వానల వల్లనా? తిండిగింజలు ఓడలెక్కుతూనే ఉన్నాయి. కరువు పనుల్లో కూలి కోసేసినవాడు బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్. బావగారు ఆ కరువుని అడ్డం పెట్టుకుని ఈ మాట అంటే ఊరుకోకండి.

గోదావరిఖని: నా ప్రశ్నకి ఎవరూ జవాబియ్యలే. గనులు మూస్తే మా పోరగాళ్ళకు ఏం పని? రుజువులు నేను కాదంటలేను.

సివిల్ రావు: అన్నా, మూతపడిన ఓపెన్‌కాస్టుల్లో సోలార్ పెట్టినా గనిలో ఉన్నంత మందికి పని దొరకదు. కంపెనీ, ప్రభుత్వం ఇప్పుడే లెక్క చెప్పాలి. మీరు గట్టిగా అడగాల్సిందే.

నల్లరేగడి: మాస్టారూ, రాత్రి ఉష్ణోగ్రతల పాత లెక్కలు మా మండలానివి దొరుకుతాయా? బ్యాంకు వాళ్ళతో పంట నష్టం గురించి మాట్లాడటానికి.

ఫిజిక్స్ మాస్టారు: పుణెలోని వాతావరణ శాఖ 1951 నుంచి రోజువారీ గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల గళ్ళవారీ (గ్రిడ్) లెక్కలు ఉచితంగా ఇస్తోంది. ఒక్కో గడి సుమారు నూరు కిలోమీటర్లు, కాబట్టి మండలం విడిగా రాదు. మీ జిల్లా పేరు పెట్టండి, ఏప్రిల్, మే నెలల కనిష్ఠాలు తీసి ఇక్కడే పెడతాను.

నల్లరేగడి: ప్రకాశం. జనవరివి కూడా తీయండి, మామిడి పూతకి అవే కావాలి.